పిరానా పడ్డ బావి

ఆ ఆదివారం పొద్దున గురప్ప చేయాలనుకున్నది ఒకటే పని: అద్దాలతొట్టి కడిగి చేపలకు కొత్త నీళ్లు పోయడం. తాడిపత్రిలో బండల వ్యాపారం చేసే గురప్పకు ఆ చేపపిల్లల్ని మద్రాసు హార్బరులో పనిచేసే బావమరిది తెచ్చిచ్చాడు. పిరానాలట. అణాబిళ్లంత కూడా లేని నాలుగు పిల్లలు. "పెద్దవైతే ఎద్దునైనా వదలవు" అని బావమరిది అన్న మాట వీధంతా పాకింది. నిజానికి మనిషి నీడ పడితే చాలు, అవి తొట్టిలోని రాళ్ల వెనక్కి దూరిపోయేవి. ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడని గురప్ప రెండు పూటలా మేక కార్జం సన్నగా తరిగి వేసి, అవి మళ్లీ బయటికి వచ్చేదాకా కదలకుండా కూర్చునేవాడు.

పెరట్లో దిగుడుబావి పక్కన ఇత్తడి గంగాళంలో చేపల్ని వదిలి తొట్టి కడిగాడు. ఆ ఏడాది వానల్లేవు. వీధి మొత్తానికి నీళ్లున్నది ఆ బావిలోనే, అదీ మోకాటి లోతు. బిందెతో వచ్చిన పక్కింటి తిప్పమ్మ గంగాళంలోకి తొంగి చూసింది.

"గురప్పన్నా, నాలుగుండాల కదా? మూడే ఉండాయే!"

గురప్ప వంగి చూశాడు. అడుగున చిన్న తోకముక్క మిగిలి ఉంది. పొద్దున మేత వేయడం మరిచిపోయి, ఆకలి మీదున్నవాటిని ఇరుకులో పెట్టాడు. మూడూ కలిసి నాలుగోదాన్ని తినేశాయి. తప్పు తనదే. తోకముక్కను గుప్పిట్లోకి తీసుకుని బావి వైపు ముఖం తిప్పుకున్నాడు. అది తిప్పమ్మకు మరోలా అర్థమైంది.

"అయ్యో, బాయిలో పడిపోయిండాది!" అంటూ బిందె అక్కడే వదిలి పరిగెత్తింది.

మధ్యాహ్నానికి చేప మూరెడు పెరిగింది. సాయంత్రానికి ఎవరి బిందెకో ఉన్న పాత సొట్ట అది తలతో కుమ్మినదేనని తేలింది. నిజం చెబుదామని గురప్ప వాకిట్లోకి వచ్చాడు. అప్పుడే గమనించాడు, పెరట్లో బిందెల చప్పుడు లేదు, వంతుల కోసం తగవు లేదు. బావి కాస్త ఊరుతుంది, రెండు రోజులు పోనీలే అనుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మరునాడు ఆడవాళ్లు పెన్న ఇసకలో చెలమలు తోడుకుని, నెత్తిన బిందెలతో ఎండలో అతని వాకిలి ముందు నుంచే నడిచిపోయారు. గురప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. వాళ్లలో అతని భార్య యశోదమ్మ కూడా ఉంది.

"ఆ బాయిలో నీళ్లు నా వంటింట్లోకి రానీను" అందామె.

"దాంట్లో ఏమీ లేదు యశోదా."

"నిన్నటి నుంచి నోరు తెరవనోనివి, ఇప్పుడు చెప్తే నమ్మల్లా?"

ఆదివారం గొడవలో కొత్త నీళ్లు పట్టలేదు, గంగాళంలోని పాతవే తొట్టిలో తిరగపోశాడు. మంగళవారానికి అవి మబ్బుగా మారాయి. మూడు పిల్లలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బావిలోకి దిగితే గుట్టు బయటపడుతుందని భార్యను ఒక్క చెంబు నీళ్లడిగాడు.

"నేను నెత్తిన మోసుకొచ్చినవి చేపలకు పోస్తానా?"

గురప్ప పంచె ఎగ్గట్టి, బిందె తీసుకుని బావి మెట్లు దిగాడు. యశోదమ్మ కెవ్వుమంది. ఆ కేకకు వీధి వీధంతా గట్టు మీదికి చేరింది.

"ఏం లేదు, చూడండి!" అన్నాడు గురప్ప నీళ్లలో నిలబడి. "దాన్ని మిగతావి తినేసినాయి. నాకు ఆదివారమే తెలుసు."

కింది నుంచి చూస్తే గట్టు మీది ముఖాలన్నీ ఎండకు కమిలి ఒక్కలాగే ఉన్నాయి.

"ఆదివారమే తెలుసునా అన్నా?" అంది తిప్పమ్మ నెమ్మదిగా.

గురప్ప తల వంచుకున్నాడు.

"సరే, నువ్వు ఆడనే నిలబడు. నువ్వుంటే మాకు ధైర్యం. బిందెలు అందిస్తాము, ముంచియ్యి."

తిప్పమ్మ నమ్మినట్టే ఉంది. కాలు మాత్రం నీళ్లలో పెట్టలేదు. మొదటి బిందె యశోదమ్మదే. ఒకటి నిండితే ఇంకొకటి, గురప్ప ముంచుతూనే ఉన్నాడు. పక్కవీధి వాళ్లకు కూడా కబురు అందింది. పొద్దు వాలేసరికి అతని పాదాలు నాని ముడతలు పడ్డాయి. చివరికి తొట్టికి మిగిలినవి బిందెడు బురదనీళ్లు. వాటిని తేర్చి, వడగట్టి పోశాడు. చేపలు కుదుటపడ్డాయి. తను కూడా హాయిగా నిద్రపోయాడు.

బుధవారం పొద్దున అతను కాఫీ గ్లాసు అందుకునేలోపే పెరటి నిండా బిందెలు చేరాయి.

"నిదానంగా తాగు గురప్పన్నా" అంది తిప్పమ్మ. "నీళ్లు సల్లగుండాయి, రవ్వంత ఎండెక్కినాంక దిగుదువులే."