పంటు దాటిన వాకోవర్

ఆ ఆదివారం పొద్దున్న జగ్గయ్య గారు చద్దన్నం తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, క్యారమ్స్ స్ట్రైకర్‌ని జేబులో వేసుకున్నారు. ఆయన పథకం చిన్నదే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, నర్సాపురం ఆసుపత్రిలో ఉన్న సాల్మన్ మేస్టారిని ఎలాగోలా ఆటోలో కూర్చోబెట్టి, తామిద్దరి క్యారమ్స్ ఫైనల్ వేళకి లైబ్రరీ అరుగు మీదికి తీసుకురావాలి.

"ఏడాదై మాటల్లేవు. ఇప్పుడు ఏవని పిలుస్తారండీ?" అంది భార్య కామేశ్వరి.

"ఎదురుగా వెళ్ళి నిలబడతాను. ఆయనే తిడతారు. మాట కలిసినట్టేగా."

మాట పోవడానికి కారణం ఒక ఇంగ్లీషు ముక్క. కిందటేడు ఫైనల్ రోజున, కూతురింటి నుంచి బయల్దేరిన మేస్టారు పంటు ఇంజను ఆగి ఏటి మధ్యలో చిక్కుకున్నారు. కమిటీ పెద్ద దానం గారు వాచీ చూసుకుని, మైకులో "వాకోవర్! జగ్గయ్య గారు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అదేదో మెచ్చుకోలు మాట అనుకుని జగ్గయ్య గారు కప్పు పుచ్చుకున్నారు, ఫొటోకి నవ్వారు కూడా. సరిగ్గా ఆ నవ్వు వేళకే మేస్టారు తడిసిన పంచెతో పరుగున వచ్చి, చూసి, అట్నుంచటే వెనక్కి తిరిగారు.

ఇంటికొచ్చాక మనవరాలు అక్షయ విడమర్చింది. "అవతలివాళ్ళు రాకపోతే ఇచ్చే గెలుపు తాతయ్యా, వాకోవరంటే." అప్పటినుంచీ ఆ కప్పు వంటింట్లో ఉప్పు జాడీ వెనకే ఉంది. ఇప్పుడు మేస్టారికి ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఎక్కువ రోజులు లేవనీ కబురు.

రేవులో దానం గారు ఎదురై భరోసా ఇచ్చారు. "మీరేం కంగారుపడకండి. ఆయన రాకపోతే మళ్ళీ మీకే వాకోవర్."

"ఇచ్చేరంటే ఏట్లో పారేస్తాను."

"కప్పునాండీ?"

"మిమ్మల్ని."

నడి ఏట్లో ఎదురు పంటు దాటింది. అందులో ఒక ఆటో, పరదా దించి ఉంది. ఎండకి కాబోలు అనుకుని జగ్గయ్య గారు నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు.

ఆసుపత్రిలో మేస్టారి మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉంది. ఆయా ఫినాయిల్‌తో నేల తుడుస్తోంది. మంచం కింద మేస్టారి చెప్పులు మాత్రం ఉన్నాయి, కుడిదాని మడమ ఎప్పట్లాగే అరిగి. జగ్గయ్య గారు ఏమీ అడగలేదు. అడిగే అలవాటు ఆయనకి ముందునుంచీ లేదు. ఇవాళ అడగాలంటే భయం కూడా వేసింది. చెప్పుల్ని తువ్వాల్లో చుట్టుకుని, దారిలో చామంతి దండ కొని పంటు ఎక్కారు.

"దండెవరికండీ?" అన్నాడు కొబ్బరికాయల గంగరాజు.

"సాల్మన్ మేస్టారికి."

"అయ్యో! ఎప్పుడండీ?"

"మంచం ఖాళీగా ఉంది."

గంగరాజు కళ్ళు తుడుచుకుని ఫోన్ తీశాడు. పంటు ఒడ్డుకి చేరకుండానే అవతల చర్చి గంట చావు గంట కొట్టడం మొదలెట్టింది. అది విని జగ్గయ్య గారికి ఉన్న కాస్త ఆశా పోయింది. గంట కూడా కొట్టారంటే ఇంక అనుమానమేముంది?

లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి మైకు మోగింది. "వాకోవర్! సాల్మన్ మేస్టారు!"

"పోయినాయనకి వాకోవరేటండీ, సిగ్గులేదా!" అంటూ జగ్గయ్య గారు జనాన్ని తోసుకుని వెళ్ళారు.

క్యారమ్ బోర్డు ముందు మేస్టారు కూర్చుని ఉన్నారు. చేతికి సెలైన్ సూది, ఉత్త కాళ్ళు.

"ఎక్కడికి పోయేరు బావగారూ? ఇందాకట్నుంచీ కూర్చున్నాను. ఆటో కట్టించుకుని, చెప్పులైనా వేసుకోకుండా వచ్చేను," అన్నారాయన. తర్వాత దండ చూశారు. "గంటెవరికా అనుకుంటున్నాను. నాకేనా?"

జగ్గయ్య గారు చెప్పుల తువ్వాలు చంకలో ఇరికించుకున్నారు. ముందుకెళ్ళి దండ ఆయన మెడలో వేశారు. "గెలిచేరు గదండీ."

"కాయ కదపలేదు. ఇదేం గెలుపండీ?"

"కిందటేడు నాదీ ఇదే. నాకు ఆ మాటకి అర్థం తెలీదు."

జగ్గయ్య గారు తువ్వాలు విప్పి చెప్పులు కాళ్ళ దగ్గర పెట్టారు. అవి చూడగానే మేస్టారికి కథంతా అర్థమై, దగ్గు వచ్చేదాకా నవ్వారు.

కాయలు సర్దుతుండగా మేస్టారి కూతురు సుప్రియ రొప్పుకుంటూ వచ్చింది. "మావయ్యగారూ, డాక్టరు గారికి చెప్పకుండా తీసుకొచ్చేసేరా? మీకైనా తెలియక్కర్లేదా?"

తాను తీసుకురాలేదని జగ్గయ్య గారు చెప్పలేదు. తిట్లన్నీ తిన్నారు.

"ఒక్క బోర్డమ్మా," అన్నారు మేస్టారు.

"చెయ్యెలా వాచిందో చూడండి నాన్నా. వచ్చే ఆదివారం ఆడుదురుగాని, ఎక్కండి."

ఆటోలోంచి మేస్టారు తల బయటపెట్టారు. "ఆదివారం బావగారూ. వాకోవర్లు లేవు."

"ఆయ్," అన్నారు జగ్గయ్య గారు.

గురువారం చర్చిలో చావు గంట మళ్ళీ కొట్టారు. ఈసారి గంగరాజు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

ఆదివారం జగ్గయ్య గారు లైబ్రరీ అరుగు మీద బోర్డుకి పౌడరు రాసి, కాయలు పేర్చి, నడుమ ఎర్రకాయ పెట్టి, తన స్ట్రైకర్‌ని అవతలివైపు ఉంచారు. మొదటి దెబ్బ మేస్టారిది. దానం గారు వచ్చి పక్కన కూర్చున్నారు. అలవాటుగా వాచీ చూసుకున్నారు, వెంటనే విప్పి జేబులో వేసుకున్నారు.

రూలు ప్రకారం మాత్రం ఆ ఆట జగ్గయ్య గారే గెలిచారు.