హెల్మెట్ మీద ఎర్ర అక్షరాలు

మా మోటార్‌సైకిల్ సంఘానికి శాశ్వత అధ్యక్షుణ్ణయిన నేను రక్తదానం గొప్పతనాన్ని ప్రజలకు చాటడానికి దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒంటరిగా యాత్ర చేసి వచ్చానని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మీసం మొలవకముందే బండెక్కినవాణ్ణి. ఇంతవరకూ ఎవరికీ తెలియజేయకుండా ఊరి పొలిమేర దాటి ఎరగను.

యాత్రకు కారణం మా మెకానిక్. నేను పడేసిన ప్రతిసారీ నా బండిని మళ్ళీ బండిలా చేసి ఇచ్చిన మనిషి. అతనికి కడుపులో ఆపరేషన్ చేయాలన్నారు. అతనిది బి నెగటివ్. ఆస్పత్రిలో ఆ రక్తం లేదు, ఆలస్యమైతే మనిషి దక్కడు అని డాక్టరు చెప్పాడు. మా సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

మా సభ్యులందరూ హెల్మెట్ వెనక రక్తం గ్రూపు రాయించుకుంటారు. దారిలో పడితే ఎక్కించేవాళ్ళకు వెతుకులాట ఉండకూడదు కదా. నా హెల్మెట్ మీద ‘బి నెగటివ్’ అని ఎర్ర రంగుతో రాసింది ఆ మెకానికే. సమావేశంలో అది బల్ల మీద ఉంది. అందరూ దానివంకే చూస్తున్నారు. నేను దాన్ని అటు తిప్పి పెట్టి, లేచి ప్రసంగించాను.

“మిత్రులారా, ఒక్కడు రక్తమిస్తే బతికేది ఒక్కడే. ఊరూరా తిరిగి జనాన్ని కదిలిస్తే ఎందరు బతుకుతారో ఆలోచించండి. ఈ దేహం అలసిపోతే పోనీ. నేను బయల్దేరుతున్నాను.”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “ఆస్పత్రి మన వీధి చివరే కదండీ. సూదంటే భయమని చెప్తే సరిపోయేదిగా” అంది. ఆమెకు మొదటినుంచీ దూరప్రయాణాలంటే పడదు.

వానలో తడిశాను, ఎండలో మాడాను, నడుము నాది కాకుండా పోయింది. ప్రతి ఊళ్ళో నా ప్రసంగం విని జనం కరిగిపోయారు, నా బండికి ఆనుకుని ఫోటోలు దిగారు. ఒకచోట నర్సమ్మ మంచం వేసి సిద్ధంగా ఉంది.

“మీతోనే మొదలుపెడదాం సార్. గ్రూపు హెల్మెట్ మీద చూశాం లెండి.”

బండి నడిపేవాడు రక్తమిస్తే కళ్ళు తిరిగే ప్రమాదముందని నేను శాస్త్రీయంగా వివరించాను. సభ ఆ మాటను హర్షించింది. అక్కడున్న అందరికీ బండ్లు ఉండటంతో ఎవరూ ఆ ప్రమాదానికి ఒడిగట్టలేదు. నర్సమ్మ మంచం మడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ కొసకు చేరిన రోజు మా ఆవిడ ఫోను చేసింది.

“తమ్ముడొచ్చి ఇచ్చాడండీ. వాడిదీ అదే గ్రూపట. ఆపరేషన్ అయింది, మనిషి బాగున్నాడు. మీరు నిదానంగా రండి.”

తమ్ముడంటే నా బావమరిది. బండి వెనక కూర్చోబెడితే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. ఎక్కడికైనా బస్సే. వాణ్ణి మా సంఘమంతా కలిసి ఏళ్ళ తరబడి ఏడిపించాం. ఫోను పెట్టేశాక సిగ్గుతో నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. విలేకరులు వాటిని ఆనందబాష్పాలని రాశారు. నేను ఖండించలేదు.

తిరిగొచ్చాక సన్మానం జరిగింది. మర్నాడు బండిని మా వీధిలోనే ఉన్న మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ చిక్కిపోయాడు, కానీ స్టూలు మీద కూర్చుని పని చేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. నా హెల్మెట్ అందుకుని, గుడ్డను కిరసనాయిల్లో తడిపి, ఎర్ర అక్షరాలను మెల్లగా తుడవసాగాడు.

“ఎందుకోయ్ తుడుస్తున్నావు?”

“ఉండనివ్వకండి సార్. దారిలో ఎవరైనా చదివి అడిగితే మీకే ఇబ్బంది.”

గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

ఈ సదుపాయం సంగతి సాయంత్రానికల్లా సంఘమంతా పాకింది. ఇప్పుడు మా సభ్యులందరూ హెల్మెట్లు చంకన పెట్టుకుని అతని షెడ్డు ముందు బారులు తీరి ఉన్నారు. మీదీ తుడిపించుకోవాలనుకుంటే పెందలాడే రండి. బారు అప్పుడే వీధి చివర ఆస్పత్రి గేటు దాటింది.