ఉప్పల్ శాంతి చర్చలు

"వియత్నాం సమస్య తీరడానికి కావలసినవి రెండే రెండు. ఒక చాప, రెండు గ్లాసుల కాఫీ!"

పరంధామయ్యగారు తన అరుగు మీంచి ఈ మాట ప్రకటించేసరికి, ఎదురుగా కూర్చున్నవాళ్లంతా నిట్టూర్చారు. ఇంత సులువైన ఉపాయం అమెరికావాళ్ల చెవిన వేసే నాథుడు ఉప్పల్‌లో లేకపోయాడే అని వాళ్ల బాధ. వంటింట్లో ఆయన భార్య మంగతాయారు కూడా నిట్టూర్చింది. చాప సంగతి ఆమెకి తెలియదు. కాఫీలకి మాత్రం తేట నీళ్లు లేవు.

అరవై ఎనిమిది ఏప్రిల్ అది. పరంధామయ్యగారు తార్నాక వైపు ఒక సర్కారు ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఇంగ్లీషు పేపరు చదవగా మిగిలిన కాలంలో ఆఫీసు ఫైళ్లు కూడా చూస్తారని పేరు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగెక్కితే ఇక ఏ ఖండానికీ విశ్రాంతి ఉండదు. రిటైరైన స్కూలు మాస్టరు సీతారామయ్య, నాచారం దారిలో కిరాణా కొట్టు నడిపే భూషణం తప్పకుండా వచ్చేవారు. మిగతా జనం కాఫీ వాసననిబట్టి వచ్చేవారు.

ఆ వేసవిలో ప్రపంచాన్ని పట్టి కుదిపిన ప్రశ్న ఒకటే. యుద్ధం ఆపడానికి అమెరికావాళ్లూ వియత్నాంవాళ్లూ మాట్లాడుకుంటామన్నారు. కాని ఎక్కడ కూర్చోవాలి? జెనీవా అంటే వీళ్లు కాదన్నారు, వార్సా అంటే వాళ్లు కాదన్నారు.

"ఎక్కడైతే ఏమిటండీ!" అని అరుగు చరిచారు పరంధామయ్యగారు. "పట్టుదల! వట్టి పట్టుదల! ముందు వెళ్లినవాడు చిన్నబోతాడా? నన్నడిగితే ముందు వెళ్లినవాడే గొప్పవాడు!"

"ఎంత మంచి మాట జెప్పిన్రు సారూ!" అన్నాడు భూషణం.

మంగతాయారు కాఫీ గ్లాసులు పెట్టి, గుమ్మం పక్కన ఒక్క నిమిషం నిలబడింది. ఆ మాట పక్కింటి గోపాలరావు విషయంలో కూడా పనికొస్తుందేమోనని ఆమెకి చిన్న ఆశ.

గోపాలరావు రైల్వే గార్డు. జనగామ వైపు మనిషి. రెండిళ్ల స్థలాలకీ కలిపి ఒకప్పుడు ఒకే బావి తవ్వించారు. తర్వాత కట్టిన గోడ సరిగ్గా ఆ బావి నడినెత్తి మీదుగా పోయింది. ఇటు సగం బావి, అటు సగం బావి. ఇటొక గిలక, అటొక గిలక. పైన గోడ ఎంత ఎత్తుగా ఉన్నా చేదలు రెండూ అడుగున ఒకే నీళ్లలో మునిగేవి.

కిందటేడు సూయజ్ కాలువ మూసేసినప్పుడు గోపాలరావు కూడా ఈ అరుగు మీదికి వచ్చేవాడు. ఒకనాడు రాత్రి డ్యూటీ దిగి వచ్చి, సూయజ్ కాలువ సగంలో ఉండగా గుర్రు పెట్టి నిద్రపోయాడు. పరంధామయ్యగారు పేపరు చుట్టి ఆయన నెత్తి మీద తట్టి లేపారు. "నా ప్రసంగంలో గుర్రు పెట్టాడు" అని ఈయన, "నలుగుర్ల నన్ను పేపరుతోని కొట్టిండు" అని ఆయన. ఆ రోజు నుంచి మాటల్లేవు. గోపాలరావు తన అరుగు మీద తనే వేరే సభ పెట్టుకున్నాడు. ఆ సభలో వియత్నాం సమస్య పరిష్కారానికి చాప కాక మంచం కావాలని ఆయన వాదన.

బావిలో పూడిక నిండి నీళ్లు బురదైపోయాయి. అది తీయించాలి. పూడిక తీసే మల్లేశుని పిలిస్తే అతను బావిలోకి తొంగిచూసి, గోడ కేసి చూసి, తల అడ్డంగా తిప్పాడు.

"రెండిండ్ల మగోళ్లు గూసొని ఒక మాట మీదికొస్తెనే దిగుతనమ్మా. నేను అడుగుల ఉన్నప్పుడు మీదికెల్లి మీరు లొల్లి వెట్టుకుంటె నా గతేంది? తాడు పట్టుకునేదెవరు?"

న్యాయమైన మాట. మంగతాయారు భర్తకి చెప్పింది.

"తీయిద్దాం. దానికేం! ఆయన్ని వచ్చి మాట్లాడమను."

"మీరే ఒకడుగు అటు వేస్తే..."

"నేనా? ఆ అరుగు మీదికా?" అన్నారు పరంధామయ్యగారు. జెనీవా అనగానే వియత్నాంవాళ్లు ఎలా చూసి ఉంటారో అలా చూశారు.

మంగతాయారు బావి దగ్గరికి వెళ్లి గిలక కిర్రుమనిపించింది. అది పిలుపు. గోడ అవతలి నుంచి గోపాలరావు భార్య బాలామణి గొంతు బావిలోంచి గుమ్ముగా వినిపించింది.

"ఏమన్నడక్కా మీ సారు?"

"మీ ఆయన్నే రమ్మంటున్నారు. ఆయనేమన్నారు?"

"గదే! 'నాకు అరుగు లేదా, నేనెందుకు వోతా' అంటుండు. జర ఇంకో జాగ సూడక్కా."

మంగతాయారు వేరే చోట్లు చూసింది. భూషణం కొట్టు బల్ల మీద కూర్చోమంటే, భూషణం అవతలి పక్షం మనిషని గోపాలరావు ఒప్పుకోలేదు. రోడ్డు మీద నిలబడి మాట్లాడుకోమంటే, హెడ్ గుమాస్తా నడిరోడ్డు మీద నిలబడడని పరంధామయ్యగారన్నారు. పోనీ ఎవరి బావి దగ్గర వాళ్లు నిలబడి గోడ మీదుగా మాట్లాడుకోండి అంటే, "బావిలో నా మాటే తిరిగి వినిపిస్తే అది ఆయన సమాధానం అనుకునే ప్రమాదం ఉంది" అని పరంధామయ్యగారే గంభీరంగా ఆలోచించి చెప్పారు.

ఈలోగా పురిటికి వచ్చిన కూతురు కమలకుమారికి సికింద్రాబాద్ దవాఖానాలో మగపిల్లాడు పుట్టాడు. బిడ్డతో ఇంటికొచ్చింది. పసివాడి స్నానానికీ బట్టలకీ పీర్జాదిగూడ దారిలోని పొలం బావి నుంచి మంగతాయారు ఎండలో బిందెలు మోసుకొచ్చింది. అరుగు మీదికి మాత్రం ఇంటి బావి నీళ్లే కాచి కాఫీ పెట్టింది.

"కాఫీ కాస్త మట్టి వాసన వేస్తోందండీ," అన్నారు సీతారామయ్య మాస్టారు.

"కొత్త పొడి," అన్నారు పరంధామయ్యగారు.

బిందెలు మోయడం ఒక ఎత్తు, ఇరవై ఒకటో రోజు ఒక ఎత్తు. ఆ రోజు బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో చేద వేసి నీళ్లు తోడితేనే పురుడు తీరినట్టు. ఉయ్యాల వేడుకా అప్పుడే.

"అమ్మా, ఈ బురదకా నేను దణ్ణం పెట్టేది? మా అత్తగారు చూస్తే ఏమంటారు?" అని కమల కళ్లనీళ్లు పెట్టుకుంది.

మంగతాయారు చివరిసారి భర్త దగ్గరికి వెళ్లింది. ఆయన పేపరు దించకుండానే విన్నారు.

"మంగతాయారూ, నీకు అర్థం కాదు. ఇప్పుడు నేను మెత్తబడ్డానంటే రేపు గోడ, ఎల్లుండి పెరడు. బలహీనత చూపిస్తే ఎలా!"

ఆ సాయంత్రమే పేపర్లో కబురొచ్చింది. పారిస్‌లో కూర్చోవడానికి రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. అరుగు మీద పరంధామయ్యగారి ఆగ్రహానికి అంతు లేదు.

"సిగ్గుచేటు! ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడానికే నెల్లాళ్లా! అవతల ఆడవాళ్లూ పసిపిల్లలూ నానా అవస్థ పడుతుంటే వీళ్లకి కుర్చీల తగాదా! ఇళ్లల్లో ఆడవాళ్లకున్న ఇంగితం కూడా లేదే వీళ్లకి!"

మంగతాయారు ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చింది. తిన్నగా బావి దగ్గరికి వెళ్లి గిలక తిప్పింది.

"బాలామణీ, మీ ఆయన ఎల్లుండి ఏ డ్యూటీ?"

"కాజీపేట వోతడక్కా. మాపటిదాంక రాడు."

"మా ఆయన ఆఫీసుకి పోతారు. మల్లేశుకి కబురు పంపు."

మల్లేశు తాళ్లూ తట్టలూ పట్టుకుని మనుషులతో వచ్చాడు. వచ్చి, తాడు దించకుండా అనుమానంగా నిలబడ్డాడు.

"మగోళ్లు మాట్లాడుకున్నరా అమ్మా?"

"మాట్లాడుకున్నారు," అంది మంగతాయారు.

"యాడ గూసున్నరు?"

"పారిస్‌లో."

మల్లేశు తాడు బావిలోకి వదిలాడు. "గా సికింద్రాబాద్ టేషన్ కాడి హోటలా? మంచిగుంటది తియ్," అని దిగాడు.

సాయంత్రానికి పూడికంతా పైకి వచ్చింది. అటు వచ్చినది అటు, ఇటు వచ్చినది ఇటు పెరట్లో పోశారు. మూడో రోజుకి బావిలో తేట నీళ్లు ఊరాయి. పరంధామయ్యగారు చేద తోడి చూసుకుని ఆశ్చర్యపోయారు.

"బాలామణి వాళ్లాయన ఒప్పుకున్నారటండీ," అంది మంగతాయారు, ఆయన మొహం కేసి చూడకుండా.

"నాకు తెలుసు!" అన్నారాయన. "గట్టిగా నిలబడితే అవతలివాడు దిగొస్తాడని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను."

గోడ అవతల బాలామణి కూడా తన భర్తతో అదే మాట అంది. ఆయన కూడా మీసం దువ్వుకున్నాడు.

ఇరవై ఒకటో రోజున కమల తలంటుకుని, వియ్యపురాలు పక్కన నిలబడి చూస్తుండగా బావికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిండు చేద తోడింది. మంగతాయారు గుండెల మీంచి బరువు దిగింది. పెరట్లో పందిరి కింద ఆకులు వేశారు. ఓడినవాడి పట్ల ఔదార్యం చూపాలని పరంధామయ్యగారు గోపాలరావుని పిలిపించారు. ఓడినవాడు పిలిస్తే పోకపోవడం బాగుండదని గోపాలరావు వచ్చాడు. ఇద్దరి ఆకులూ పక్కపక్కనే పడ్డాయి.

"బావి అద్దంలా ఉందండీ! రెండిళ్లవాళ్లూ కలిసి బాగుచేయించారట, ముచ్చటగా ఉంది," అన్నారు సీతారామయ్య మాస్టారు పప్పు కలుపుకుంటూ.

పరంధామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఏముందండీ! పట్టుదలలు మానుకున్నాం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మనసు విప్పి మాట్లాడుకున్నాం. అయిపోయింది!"

"అవ్ మాస్టారూ," అన్నాడు గోపాలరావు వెంటనే. "గూసున్నం. మంచిగ మాట్లాడుకున్నం. పెద్దరికమంటే గట్లనే ఉండాలె."

పందిరంతా మెచ్చుకుంది. భూషణం కళ్లు చెమర్చాయి. "గీ ముచ్చట పేపర్ల రావాలె సారూ! ఇంతకు యాడ గూసున్నరు?"

"మా అరుగు మీద," అన్నారు పరంధామయ్యగారు.

"మా అరుగు మీద," అన్నాడు గోపాలరావు.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. చేతులు ఆకుల మీద ఆగిపోయాయి.

"నేను మీ అరుగెక్కడం జరగని పని!" అన్నారు పరంధామయ్యగారు మొహం ఎర్రబడి.

"మరి నేనొచ్చిన్నా? నేను మీ ఇంటికొచ్చిన్నా మాట్లాడనీకె? అబద్ధం నోట్లకెల్లి ఎట్లొస్తదో!"

"ఎవరిదయ్యా అబద్ధం? ఇదిగో, నా భార్యే సాక్షి. మంగతాయారూ! చెప్పు, ఎక్కడ కూర్చున్నాం?"

"బాలామణీ! నువ్వు జెప్పు. నలుగుర్ల జెప్పు!"

పందిరి కింద తలలన్నీ వడ్డిస్తున్న ఆడవాళ్లిద్దరి వైపు తిరిగాయి. మంగతాయారు గరిటెడు నెయ్యి భర్త అన్నం మీద వేసింది. తర్వాత అంతే నెయ్యి, ఒక చుక్క తేడా లేకుండా, గోపాలరావు అన్నం మీద వేసింది.

"నేను చూడలేదండీ," అంది. "ఆ వేళంతా నేను బావి దగ్గర తాడు పట్టుకుని ఉన్నాను."

"నేను గూడ గాడ్నే ఉంటి," అంది బాలామణి, మాస్టారి ఆకులో చారు పోస్తూ.