రాయని పరీక్షకు విందు

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగగానే బూరుల్ చేయదలచుకున్న పనులు మూడే. పోస్టాఫీసుకు వెళ్లి ఒక కవరు తీసుకోవడం, ఇంటికెళ్లి పడుకోవడం, ఈ రెండు పనుల గురించీ ఎవరికీ చెప్పకపోవడం. మూడోదే అన్నిటికన్నా సులువని అనుకుంది. నరిన్ లాంటి చిన్న కొండ ఊళ్లో పదకొండేళ్లుగా అంబులెన్సులో తిరుగుతున్న మనిషి అలా అనుకోకూడదు మరి.

బూరుల్‌కు ముప్పై మూడేళ్లు. ఆమె చేసేది ఫెల్షర్ ఉద్యోగం. అంటే డాక్టరు కాదు, నర్సూ కాదు. డాక్టరు లేనిచోట డాక్టరు, డాక్టరు కనబడగానే స్ట్రెచర్ పట్టుకునే మనిషి. జిల్లా ఆసుపత్రిలో ఆకుపచ్చ రంగు వేసిన ఒక తలుపుంది. బూరుల్ రోగిని అక్కడిదాకా తెస్తుంది, లోపలివాళ్లు తీసుకుంటారు, తలుపు పడుతుంది. ఆ తర్వాత ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పరు. కిందటి చలికాలంలో గుండెనొప్పి వచ్చిన ఒక గొర్రెల కాపరిని ఊపిరి ఆగకుండా నలభై కిలోమీటర్లు తెచ్చింది. మూడు రోజుల తర్వాత ఎలా ఉన్నాడని అడిగితే, "ఏ మంచం?" అన్నారు. మంచం నంబరు ఆమెకేం తెలుసు? దారి పొడవునా అతను ఆమె వేలు పట్టుకునే ఉన్నాడు. అతను బతికాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ తలుపు అవతల ఉండాలని బూరుల్‌కు ఎంత కోరికంటే, ఒక్కోసారి రోగిని అప్పగించి దుప్పటి మడత పెట్టుకుంటూ అక్కడే నిలబడిపోయేది.

అందుకే అంబులెన్సులో కట్టుగుడ్డల పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించుకుంది. ఈ ఏడు ప్రవేశ పరీక్ష, తర్వాత ఆరేళ్ల చదువు, రెండేళ్ల శిక్షణ, నలభై ఒకటో ఏట డాక్టరు. ఇదివరకు రెండుసార్లు రహస్యంగా రాసి రెండుసార్లూ తప్పింది. ఈసారీ తప్పితే ఆ కాగితం చింపేస్తానని తనకు తానే మాట ఇచ్చుకుంది. పరీక్ష ఆదివారం, రాజధాని బిష్కెక్‌లో. శనివారం మధ్యాహ్నం టాక్సీలో సీటు కూడా చెప్పి పెట్టింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. అత్తగారు జూరాకన్, ఈ వయసులో బడికి పోతావా అని నవ్వుతుందని భయం. భర్త కుబాత్ ఎండాకాలమంతా గొర్రెలతో కొండ మీదే.

రహస్యం తెలిసినవాడు ఒక్కడే, డ్రైవర్ సగిన్. యాభై ఎనిమిదేళ్లవాడు. బండి నడుపుతూ ఆమె చేత రసాయన శాస్త్రం వల్లె వేయించేవాడు. తనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆమె తడబడితే మాత్రం ఇట్టే పట్టేసేవాడు. పరీక్ష తేదీ అతను అడగలేదు, ఆమె చెప్పలేదు, ఈసారిదీ ఎప్పుడో రాసేసిందనే అనుకున్నాడు.

సరిగ్గా ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా దూరపు ఊరి నుంచి ఫోను వచ్చింది. బూరుల్ బదులు రావలసిన ఫెల్షర్ ఇంకా రాలేదు. సగిన్ బదులు రావలసినవాడు మాత్రం వచ్చేశాడు.

"బాబాయ్, పోస్టాఫీసులో నాకో కవరు వచ్చి ఉంటుంది. తెచ్చి మీ దగ్గర ఉంచండి. మా అత్తయ్య చెవిన పడకూడదు," అంది బూరుల్ బండెక్కుతూ.

"నా సంగతి నీకు తెలియదా అమ్మాయ్," అన్నాడు సగిన్.

తెలుసు. తెలిసే అప్పగించింది, వేరే దారి లేక.

పోస్టాఫీసులో కూర్చునేది సగిన్ మరదలే కాబట్టి కవరు చేతికొచ్చింది. వైద్య కళాశాల ముద్ర, మందపాటి కవరు. పరాయివాళ్ల ఉత్తరం విప్పే రకం కాదు సగిన్, పెద్దమనిషి. విప్పకుండానే ఆలోచించాడు. చెడ్డ కబురుకు ఇంత కాగితం ఎందుకు తగలేస్తారు? పిల్లకు సీటొచ్చింది. సందేహమే లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా వైపు శుభవార్త తెచ్చినవాడికి సుయిన్చు ఇవ్వాలి. ముందు బహుమానం, తర్వాతే కబురు. అలాంటి కబురు కడుపులో పెట్టుకుని ఊరుకోవడం సగిన్ వల్ల కాలేదు. అరగంట కాలేదు, జూరాకన్ గుమ్మం ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"సుయిన్చు, వదినా. ఊరికే చెప్పను."

జూరాకన్ కోడిపుంజును పట్టి ఇచ్చింది. కబురు విన్నది. ఆ తర్వాత తలగుడ్డ సర్దుకుని పక్కింటి నూరిపా దగ్గరికి బయల్దేరింది. పోయిన పుంజుకు బదులు ఏదో ఒకటి రాబట్టుకోవాలి కదా. నూరిపా దగ్గర టీ కెటిల్ వచ్చింది. కెటిల్ పోగొట్టుకున్న నూరిపా రొట్టెల బట్టీకి వెళ్లి నాలుగు రొట్టెలు పట్టింది. రొట్టెలు పోయిన బట్టీవాడు ఊరి స్నానాల గదులు నడిపేవాడి దగ్గరికి పరుగెత్తాడు. ప్రతివాడూ తన వస్తువుకు తగినట్టు కబురును కాస్త పెంచాడు. బట్టీ దగ్గరికి వచ్చేసరికి బూరుల్ డాక్టరైపోయింది. స్నానాల గదుల దగ్గర ఆపరేషన్లు కూడా మొదలుపెట్టింది.

బూరుల్ మాత్రం అప్పుడు తొమ్మిదేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని గతుకుల దారిలో వస్తోంది. కడుపు కుడివైపు కింద నొప్పి, జ్వరం. అపెండిక్సే అనిపించింది. ఆకుపచ్చ తలుపు దగ్గర డాక్టరుకు అదే చెప్పింది. ఆయన పిల్ల కడుపు నొక్కి చూసి తల ఊపాడు. తలుపు పడింది. పిల్ల టోపీ బూరుల్ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని గేటు కాపలాదారుకు ఇచ్చి పంపమంటే, అతను లేచి నిలబడ్డాడు.

"తప్పకుండా డాక్టరమ్మా. కాస్త నా మోకాలు కూడా చూద్దురూ."

ఇంటికొచ్చేసరికి వాకిట్లో పదకొండుమంది. ఒకరికి దగ్గు, ఒకరికి వాపు, ఒకాయనకు ఏమీ లేదు, ముందుజాగ్రత్తగా వచ్చాడు. జూరాకన్ అందరినీ వరుసలో నిలబెడుతోంది.

"అత్తయ్యా, ఏమిటిదంతా?"

జూరాకన్ ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లింది. తిట్టబోతుందనుకుంది బూరుల్. అత్తగారి కళ్లు చూస్తే ఎర్రగా ఉన్నాయి.

"నా దగ్గర కూడా దాస్తావటే? నేను పశువుల డాక్టరు కావాలనుకున్నాను, తెలుసా నీకు? పుస్తకాలు కూడా కొనుక్కున్నాను. గొర్రెలు నీ చదువయ్యేదాకా ఆగుతాయా అన్నాడు మా నాన్న. ఆగలేదు. ఇదుగో, నలభై ఏళ్లయింది."

ఇంకా పరీక్షే రాయలేదని చెప్పడానికి బూరుల్ నోరు తెరిచింది. ఆ ముఖం చూసి మూసుకుంది. రేపు పొద్దున చెబుదాంలే అనుకుంది.

పొద్దునకు కొండ మీద నుంచి గొర్రె దిగింది. కబురు పాల లారీతో పైకి వెళ్లిందట. గొర్రెలను వదిలి కుబాత్ రాలేడు కాబట్టి వాటిలో ఒకదాన్ని పంపాడు. మెడకు కట్టిన చీటీలో, "నాకు ముందే చెప్పి ఉంటే ఇంకా బలిసినదాన్ని చూసేవాణ్ని," అని రాశాడు. బూరుల్ ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుంది. చెప్పి ఉండవలసింది, అనుకుంది.

పదకొండింటికి విందు మొదలైంది. గౌరవమైన చోటు అంటే గుమ్మానికి ఎంత దూరమైతే అంత. బూరుల్‌ను గది చివర, వీధి పెద్ద ఆసానాలి తాత పక్కన కూర్చోబెట్టారు. భోజనమయ్యాక ఆయన అరచేతులు చాచి దీవెన పలకాలి. దీవెన కాకుండా ఎవరూ లేవకూడదు. ఆసానాలికి ఎనభై రెండేళ్లు, పళ్లు ఆరు. గొర్రె తల ఆయన వాటా.

పన్నెండైంది. ఆయన ఇంకా ఒక చెవి దగ్గరే ఉన్నాడు.

"తాతా, నేనొక్కసారి బయటికి..."

"కూర్చో తల్లీ. డాక్టర్లకు అంత తొందర పనికిరాదు," అంటూ ఆయన రెండో చెవి అందుకున్నాడు.

బయట టాక్సీ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి కొట్టాక బండి కదిలిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఇరవైమంది మోకాళ్ల అవతల తెరిచి ఉన్న గుమ్మం వైపు చూసింది బూరుల్. ఎప్పుడూ తలుపు బయట ఆగిపోయే మనిషి, ఈసారి లోపల ఇరుక్కుపోయింది.

"నాకు సీటు రాలేదు," అంది గట్టిగా.

చెంచాల చప్పుడు ఆగింది. మూల కూర్చున్న సగిన్ ఒళ్లోంచి, అతను నిన్నటి నుంచి వదలని ఆ కవరు లాక్కుని, చింపి, కాగితం తాత చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి హాజరు కావలెను. గుర్తింపు కార్డు తేవలెను. రెండు పెన్సిళ్లు తేవలెను. మిగతా నాలుగు పేజీలూ నియమాలే.

"అంటే ఇంకా రాయనే లేదా?" అంది జూరాకన్.

"లేదత్తయ్యా. రేపు. రెండుసార్లు తప్పాను కూడా. మీరు నవ్వుతారని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. జూరాకన్ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నిన్న తెచ్చిన పిల్ల ఎలా ఉంది?" అని అడిగింది ఉన్నట్టుండి.

"తెలియదు. ఎవరూ చెప్పరు. అందుకేగా ఇదంతా."

"మరి ఇక్కడ కూర్చుని మాంసం తింటున్నావేమే?"

ఆసానాలి తాత చెవి పక్కన పెట్టి, చేతులు చాచి, జన్మలో ఎన్నడూ పలకనంత చిన్న దీవెన పలికాడు. రెండు మాటలు. అందరూ ఒక్కసారే లేచారు. ఇచ్చిన వస్తువులు తిరిగి అడుగుతారేమోనని కూడా కాస్త భయం ఉండి ఉంటుంది, ఎందుకంటే పుంజును సగిన్ ఇంట్లో అప్పటికే తినేశారు. నూరిపా పెన్సిళ్లు చెక్కింది. బట్టీవాడు దారికని రొట్టెలు కట్టాడు. సగిన్ తన సొంత కారు తీశాడు, తప్పు తనదే కాబట్టి. వెనక సీట్లో జూరాకన్ ఎక్కి కూర్చుంది, ఎవరూ రమ్మనకుండానే. బిష్కెక్ దాకా ఆరు గంటలూ రసాయన శాస్త్రం పుస్తకం చూసి ప్రశ్నలు అడిగింది ఆవిడే. పుస్తకం తలకిందులుగా పట్టుకుందని సగిన్ అన్నాడు గానీ, అది అబద్ధం.

ఆగస్టులో మరో కవరు వచ్చింది. పలచటిది. ఈసారి సగిన్ అడిగి మరీ విప్పించాడు, కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. సీటొచ్చింది. బూరుల్ అంబులెన్సు మెట్టు మీద కూర్చుని, కట్టుగుడ్డల పెట్టె మూత తెరిచి, మొదటి వరుస కొట్టేసింది. ఆ తర్వాత కాసేపు ఏడ్చింది. సగిన్ అటు తిరిగి టైర్లు చూసి, ఊళ్లోకి పరుగుతీశాడు.

"సుయిన్చు, వదినా."

"దేనికి?" అంది జూరాకన్.

"బూరుల్‌కు సీటొచ్చింది. నిజంగా."

"అది జూన్‌లోనే చెప్పావుగా. పుంజునిచ్చాం." కళ్లు తుడుచుకుని ఆవిడ టీ పోసింది. "కొత్త కబురేదైనా ఉంటే చెప్పు."

నూరిపా ఇంట్లోనూ అంతే. బట్టీ దగ్గరా అంతే. ఆ వీధి వరకూ బూరుల్ డాక్టరై అప్పటికే రెండు నెలలైంది, చదువొక్కటే మిగిలింది.