కార్డుకు ఒకే ఆరోగ్యం

మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, నేలా నీళ్ల ఆరోగ్యం వేర్వేరు కావనీ, మూడూ కలిసి ఒక్కటేననీ లోకం ఈ మధ్యనే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంటే బాగుండదు కాబట్టి కోరుట్లలో దానికొక ఆఫీసు తెరిచారు. 'మానవ, పశు, పర్యావరణ ఆరోగ్య అనుసంధాన పరిశోధనా సామర్థ్య పెంపుదల కేంద్రం' అన్న బోర్డు ఆఫీసుకంటే పొడుగైపోయి, 'సామర్థ్య పెంపుదల కేంద్రం' అన్న ముక్క పక్కనున్న మిర్చి బజ్జీల కొట్టు మీదికి వచ్చింది. (చాలామంది బజ్జీలు తిని, సామర్థ్యం పెరిగిందనుకుని వెళ్లిపోయేవారు.)

ఒకనాడు ఆ బోర్డు కిందికి మల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి బాలమణి వచ్చింది. వెనకాల దుప్పటి కప్పుకుని ఆమె పెనిమిటి రాజం వచ్చాడు. రాజం సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. సాంచాల మీద పని సన్నగిల్లాక అత్తగారి ఊరు చేరి ఒక బర్రెను కొన్నాడు. ఆ బర్రె నెలలు నిండకుండానే ఈసుకపోయింది. చచ్చిన దూడను ఉత్త చేతులతో లాగింది రాజమే. అప్పట్నుంచి అతనికి పొద్దుగూకితే జ్వరం, తెల్లారితే చెమటలు, కీళ్లన్నీ పోట్లు. ఊళ్లో సూదులేసే డాక్టరు ఒకసారి టైఫాయిడ్ అన్నాడు, ఇంకోసారి మలేరియా అన్నాడు, చివరికి టెన్షన్ అని తేల్చాడు. బాలమణి బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. మొగుడు లేచి తిరిగితే చాలు, ఆమెకు వేరే కోరికేమీ లేదు.

కేంద్రం సమన్వయకర్త ధనుంజయ్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, సంగతేమిటని అడిగాడు.

"బర్రె ఈసుకపోయినంక గీయనకు జరం పట్టింది సారూ. దానికేమన్న ఉండి గీయనకు అంటిందో ఏందో. ఇద్దరి నెత్తురు జర చూడుండ్రి," అంది బాలమణి.

ధనుంజయ్ కళ్లు చెమర్చాయి. ఆఫీసు తెరిచినప్పటి నుంచి ఆయన ఎదురుచూస్తున్న కేసు ఇదే. శిక్షణలో చూపించిన బొమ్మలో కూడా అచ్చం ఇలాగే ఒక మనిషి, ఒక పశువు, ఒక చెట్టు బాణం గుర్తులతో కలిసి ఉంటాయి. (శిక్షణ అంటే జగిత్యాలలో నేర్చుకున్నవాళ్లు సిరిసిల్ల వెళ్లి నేర్పడం, సిరిసిల్లలో నేర్చుకున్నవాళ్లు జగిత్యాల వచ్చి నేర్పడం. పరిశోధనా సామర్థ్యం ఇలాగే పెరుగుతుంది.)

"మంచిగ అచ్చిండ్రమ్మా. గిట్లనే రావాలె. మరి ఎవరిది చూడమంటవు? నీ కార్డు మీద ఒకటే అస్తది," అన్నాడు ధనుంజయ్.

"ఒకటి ఏంది సారూ?"

"ఆరోగ్యం."

ఇందులో ఎవరి తప్పూ లేదు. పైనుంచి వచ్చిన కాగితంలో 'వన్ హెల్త్' అని ఉంటే, అనువాద విభాగం దాన్ని 'ఒకే ఆరోగ్యం' అని చక్కని తెలుగు చేసింది. ఆడిట్ వారు మాత్రం, ఒకే అంటే దేనికి ఒకటి అని ప్రశ్న వేశారు. ఆడిట్ ప్రశ్నను గాలికొదిలేయడానికి లేదు గనక, రేషన్ కార్డుకు ఒకటి అని జవాబిచ్చారు. కుటుంబం తనకున్న మనుషుల్లో, పశువుల్లో, పర్యావరణంలో ఏదో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా ప్రజలదే. ఎల్లంతకుంట వైపు ఒక పెద్దమనిషి దగ్గుతూనే తన బోరుబావిని ఎంచుకున్నాడు. బోరు నీళ్లు భేషుగ్గా ఉన్నాయని ఫలితం వచ్చింది. ఆ కాగితాన్ని ఇంటివాళ్లు ఆయన దినాలనాడు అందుకున్నారు.

"బర్రెను రాయించవే. అది పాలన్న ఇస్తది, నేనేమిస్త?" అన్నాడు రాజం దుప్పట్లోంచి.

"నువ్వు సప్పుడు జెయ్యకు," అని బాలమణి ధనుంజయ్ వైపు తిరిగింది. "గీయననే రాయుండ్రి సారూ."

ధనుంజయ్ కంప్యూటర్‌లో 'మనిషి' అని నొక్కి, నొచ్చుకున్నాడు. మనుషుల కోటా అయిపోయింది. శిక్షణకు వచ్చిన సిబ్బంది ఒకరి నెత్తురు ఒకరు తీసి నేర్చుకోవడంలో పరీక్ష సామగ్రి అంతా ఖర్చయింది. (సిబ్బంది అందరూ ఆరోగ్యంగా ఉన్నారు.) పశువుల కోటా మాత్రం అలాగే మిగిలిపోయింది. దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలన్నది నిబంధన. ఆఫీసేమో మేడ మీద. మెట్లెక్కి వచ్చిన బర్రె ఇంతవరకు లేదు.

"మరెట్ల సారూ?" అంది బాలమణి.

ధనుంజయ్‌ది జాలి గుండె. కాసేపు పైకప్పు చూసి, దారి కనిపెట్టాడు. "ఒక పని జేద్దమమ్మా. ఈయనను పశువుల కాలమ్‌ల ఎక్కిస్త. నెత్తురు నెత్తురే గద. మూడు ఒకటే అని మాకు ట్రైనింగ్‌ల సుత చెప్పిండ్రు."

"ఎట్లనన్న ఎక్కియ్యుండ్రి. రోగం ఏందో దొరుకాలె."

అలా రాజం కంప్యూటర్‌లోకి ఎక్కాడు. జాతి దగ్గర 'దేశవాళీ' అని పెట్టారు. పాల దిగుబడి సున్నా అంటే కంప్యూటర్ ఒప్పుకోకపోవడంతో రెండు లీటర్లని వేశారు. కాలమ్‌లన్నీ నిండేసరికి ధనుంజయ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. (తోక దగ్గర 'వర్తించదు' అని రాశారు.) ఆ తర్వాత చెవికి పసుపుపచ్చ బిళ్ల కొట్టాలి. పశువైద్యురాలు శ్రీవాణి రాజం చెవి వంక చూసింది, రాజం ఆమె చేతిలోని పనిముట్టు వంక చూశాడు. చివరికి బిళ్లను చొక్కా గుండీకి తగిలించి, 'మానవీయ కోణంలో సడలింపు' అని ఫైల్లో రాసుకున్నారు.

కొన్నాళ్లకు ఫలితం వచ్చిందని ఫోను చేస్తే, ఇద్దరూ మళ్లీ కోరుట్లకు వచ్చారు.

"నీ అనుమానం కరెక్టేనమ్మా. బర్రెలకెళ్లి మనుషులకు అంటే రోగమే ఇది. బ్రూసెల్లోసిస్ అంటరు," అంది శ్రీవాణి.

బాలమణి కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్లకు ఆ జ్వరానికి ఒక పేరు దొరికిందన్న సంతోషం అది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఐతే గోలీలు రాయుండ్రి మేడం," అంది.

శ్రీవాణి కాగితం కింది భాగం చదివింది. 'చికిత్స సిఫారసు చేయబడదు. మంద నుంచి వేరు చేయవలెను. సంతలో అమ్మరాదు. తోటి పశువుల క్షేమం దృష్ట్యా తొలగించవలెను.'

"మనుషులకు మందే లేదా మేడం?"

"ఎందుకు లేదమ్మా, ఉన్నది. కొన్ని వారాలు గోలీలు మింగితే మంచిగ తగ్గుతది. కాని ఈయన పశువుల కాలమ్‌ల ఉన్నడు గద."

కాలమ్ మార్చాలంటే మూడు శాఖల సభ్యులు ఒకచోట కూర్చోవాలి. పర్యావరణ సభ్యుణ్ని ఇంకా నియమించలేదు. బాలమణి ఆ కాగితమే పట్టుకుని బయలుదేరింది. మనుషుల దవాఖానవాళ్లు కాగితాన్ని చూసి పశువుల దవాఖానకు పొమ్మన్నారు. పశువుల దవాఖానవాళ్లు రాజాన్ని చూసి మనుషుల దవాఖానకు పొమ్మన్నారు. ఎవరూ నిబంధన తప్పలేదు. పొద్దుగూకే వేళకు రాజం ఒళ్లు మళ్లీ కాలిపోతుంటే, వేరే దిక్కు లేక అతని రెక్క పట్టుకుని ఆమె తిరిగి కేంద్రం మెట్లెక్కింది.

కేంద్రంలో లడ్డూలు పంచుతున్నారు. ధనుంజయ్ ఎదురొచ్చి, ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి పెట్టాడు.

"మంచి టైముకు అచ్చిండ్రమ్మా. పైనుంచి మెచ్చుకుంట లెటర్ అచ్చింది. ఈ ఏడాది మన దగ్గర మనుషులల్ల ఒక్కరికి సుత ఆ రోగం లేదని తేలింది."

రాజం పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. లడ్డూ చేతిలోంచి జారి పడింది. బాలమణి దాన్ని వంగి తీసి బల్ల మీద పెట్టింది.

"సంతోషం సారూ," అంది. "గా ముచ్చట జర గీయనకు సుత చెప్పుండ్రి. వణుకుడు బంద్ చేస్తడు."