బ్రేకుల్లేని జోడీ

దేశాల జంటలు తలపడే అంతర్జాతీయ స్పీడ్‌వే మోటార్‌సైకిల్ పోటీ ఒమాన్‌లోని బర్కా ఊరు దాటాక ఖర్జూర తోటల వెనకనున్న మట్టి మైదానంలో జరుగుతుందనీ, అందులో భారతదేశం తరఫున అంజి, కమ్రాన్ అనే ప్రఖ్యాత క్రీడాకారులు పాల్గొంటారనీ నిర్వాహకులు సగర్వంగా ప్రకటించారు. ఆ ప్రకటన వెలువడేదాకా తాము ప్రఖ్యాతులమన్న సంగతి అంజికీ కమ్రాన్‌కీ తెలియదు.

రావలసిన జంట వేరే ఉంది. వాళ్ల ట్రావెల్ ఏజెంటు వీసా దరఖాస్తులో వృత్తి అన్నచోట ‘చేపల వేట’ అని నింపడంతో వాళ్లు రాలేకపోయారు. భారత్ చోటు ఖాళీగా ఉంటే బాగుండదని నిర్వాహకులు మథనపడుతుంటే, మస్కట్‌లోని ఘాలాలో గ్యారేజీ నడిపే ఒక ఒమానీ పెద్దమనిషి వాళ్లను ఊరడించాడు. “ఇండియా వాళ్లు కావాలా? నా దగ్గర ఇద్దరున్నారు” అన్నాడు. ఒకడు మోటార్‌సైకిళ్లు బాగుచేసే జగిత్యాల అంజి. ఇంకొకడు అదే గ్యారేజీ నుంచి బండి మీద విడిభాగాలు చేరవేసే కడప కమ్రాన్. దేశానికి ప్రాతినిధ్యం వహించడానికి ఇంతకంటే కఠినమైన వడపోత ఎక్కడా జరిగినట్టు మనం వినలేదు.

అర్బాబ్, అంటే యజమాని, ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిచి కబురు చెప్పాడు. “జుమా కో రేస్. గాడీ అచ్ఛా. బ్రేక్ మాఫీ.”

జుమా అంటే శుక్రవారం. అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. మన ప్రాంతంలో మాఫీ అన్న మాటకు ఉన్న గౌరవం వల్ల అంజి మొదట సంతోషించాడు. బండి చూశాక సంగతి అర్థమైంది. స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు. గేరు ఒకటే. మట్టి బాటలో నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమకే తిరగాలి. తిరిగేటప్పుడు వెనక చక్రం పక్కకు జారుతూ ఉంటే బండి సరిగ్గా నడుస్తున్నట్టు లెక్క.

“అంజన్నా, ఇది ఆపేదెట్లా?” అన్నాడు కమ్రాన్.

“ఆపుడెందుకు భయ్, అదే ఆగుతది” అన్నాడు అంజి.

సాధనలో అది ఖర్జూర తోటలో ఆగింది. కాసేపటికి కమ్రాన్ బండి కూడా వచ్చి దాని పక్కనే ఆగింది.

ఇక ఈ పోటీలో ఒక విచిత్రమైన నియమం ఉంది. ఒక్కో పందెంలో రెండు దేశాలు, నలుగురు రౌతులు. మొదటివాడికి నాలుగు పాయింట్లు, రెండోవాడికి మూడు, మూడోవాడికి రెండు, ఆఖరివాడికి సున్నా. ఒకడు ముందుకు దూకి జోడీని గాలికి వదిలేస్తే వచ్చేవి నాలుగే. ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ రెండూ మూడూ స్థానాల్లో వస్తే ఐదు. ఇది మన సంస్కృతికి పొసగదని మస్కట్‌లోని తెలుగు పెద్దలు వెంటనే గుర్తించారు.

తెలుగువాళ్ల ఐక్యత కోసం అక్కడ ఒక సంఘం ఉండేది. ఐక్యత మరీ ఎక్కువై రెండు సంఘాలైంది. ఒకదానికి కార్మికుల క్యాంపులకు భోజనాలు సరఫరా చేసే గణపతి అధ్యక్షుడు. ఇంకొకదానికి ఇనుము కంపెనీలో లెక్కలు చూసే ఓబులేశు అధ్యక్షుడు. అంజి జగిత్యాలవాడు కాబట్టి గణపతి అతణ్ణి తమ ముద్దుబిడ్డగా ప్రకటించాడు. కమ్రాన్ కడపవాడు కాబట్టి ఓబులేశు అతణ్ణి తమ సింహంగా ప్రకటించాడు. అంతకు ముందు వారం ఇదే ముద్దుబిడ్డ గణపతి వ్యాను బాగుచేసి ఇస్తే, ఆలస్యమైందని గణపతి తిట్టిపోశాడు. సింహాన్ని ఓబులేశు తన అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కనివ్వలేదు.

“సోదరులారా!” అన్నాడు గణపతి సన్మాన సభలో. “ఈ పోటీ మన ఆత్మగౌరవానికి సంబంధించినది! మట్టిలో పుట్టిన మాణిక్యం మట్టిలోనే బండి తోలబోతున్నది! ప్రపంచం నివ్వెరపోవాలె!” తర్వాత అంజిని పక్కకు పిలిచి చెవిలో అసలు సంగతి చెప్పాడు. “ప్రపంచం సంగతి తర్వాత చూద్దాం. ఆ కమ్రాన్ వెనకాల మాత్రం రావద్దు. ఇజ్జత్ పోతది.”

అదే సమయానికి ఇంకో హాలులో ఓబులేశు కమ్రాన్ చెవిలో చెప్పాడు. “ఆఖర్న వచ్చినా నాకేం బాధ ల్యా. ఆ అంజిగాని ముందర ఉండు, సాలు.”

ఎడమకు తిరగడం అప్రదక్షిణమనీ, బాటను కుడికి మార్చాలనీ గణపతి సంఘం నిర్వాహకులకు వినతిపత్రం ఇచ్చింది. గణపతి కుడి అన్నాడని తెలిసి ఓబులేశు సంఘం, ఎడమకు తిరగడం తమ జన్మహక్కని ఇంకో వినతిపత్రం ఇచ్చింది. నిర్వాహకులు రెండింటినీ మర్యాదగా తీసుకుని, ఎప్పటిలాగే ఎడమకే ఉంచారు. ఓబులేశు విజయోత్సవం జరిపాడు.

అంజికి ఇవేవీ పట్టలేదు. పట్టింది ఒక్కటే. ప్రత్యర్థితో ఒకే గదిలో ఉండటం శోభించదని గణపతి అర్బాబ్‌తో మాట్లాడి అంజి మంచాన్ని వేరే గదిలోకి మార్పించాడు. గ్యారేజీ వెనక ఆ చిన్న గదిలో ఇద్దరూ వచ్చిన నాటినుంచి ఒకే పొయ్యి మీద వండుకున్నారు. అంజికి జ్వరమొస్తే కమ్రాన్ గంజి కాచాడు. కమ్రాన్‌కు కూతురు పుట్టిందని ఫోనొస్తే, ఊరుకోలేక ఏడుస్తున్న అతని బదులు అంజే మాట్లాడి పేరు కూడా అడిగాడు. కొత్త గదిలో పడుకుంటే అంజికి నిద్ర రాలేదు. పక్కన గురక లేని గదిలో ఎట్లా పడుకోవాలో అతను మరిచిపోయాడు.

పోటీ రోజు రెండు సంఘాలు రెండు బస్సుల్లో వచ్చాయి. రెండు షామియానాలు, రెండు డప్పు బృందాలు, రెండు బ్యానర్లు. గణపతి బ్యానర్ మీద అంజి భుజం మీదున్న ఎవరిదో చెయ్యి మణికట్టు దాకా తెగి ఉంది. ఓబులేశు బ్యానర్ మీద కమ్రాన్‌కు కుడి చెయ్యే లేదు. ఫోటో ఒకటే.

తొలి పందేలన్నిటిలో మన జంట అఖండంగా ఓడిపోయింది. అంజి పడితే గణపతి మొహం వాడింది, ఓబులేశు షామియానాలో డప్పులు మోగాయి. కమ్రాన్ పడితే ఇటు మోగాయి. భారత జంట పడ్డప్పుడల్లా ఇంత ఆనందించే అభిమానులను తాము ఎన్నడూ చూడలేదని విదేశీ రౌతులు మెచ్చుకున్నారు.

చివరి పందెం పోలండ్ జంటతో. రౌతులుండే కంచె లోపల అంజి మోకాలు దులుపుకుంటూ కూర్చున్నాడు.

“వెనక రావద్దన్నడు మావోడు” అన్నాడు.

“నాకూ అదే చెప్పినాడు మావోడు” అన్నాడు కమ్రాన్. “మనిద్దరం ఒకరి ఎనక ఒకరు రాకుండా వచ్చేదెట్లన్నా?”

ఇద్దరూ కాసేపు ఆలోచించి పగలబడి నవ్వారు. హెల్మెట్ల మీద తొడగడానికి ఒకరికి ఎర్ర గుడ్డ, ఒకరికి నీలం గుడ్డ ఇచ్చారు. అరువు తెచ్చిన బట్టలు ఒకటే రకం, బళ్లు ఒకటే రకం. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా తెలిసేది ఆ రంగుల్లోనే. ఎరుపు అంజికనీ నీలం కమ్రాన్‌కనీ మైకులో చెప్పారు కూడా. అంజి ఆ గుడ్డలు రెండూ తీసుకుని కమ్రాన్ వంక చూశాడు. కమ్రాన్ కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు.

పందెం మొదలుపెడుతూ బళ్ల ముందు కట్టిన తాడు లేచింది. పోలండ్ వాళ్లలో ఒకడు కళ్లు మూసి తెరిచేలోపు మాయమైపోయాడు. అతని వెనక ఎరుపూ నీలమూ పక్కపక్కన, సందులో నడిచే ఇద్దరు స్నేహితుల్లాగా బాటంతా ఆక్రమించుకుని పోయాయి. రెండో పోలండ్ రౌతు లోపలినుంచి ప్రయత్నించాడు, బయటినుంచి ప్రయత్నించాడు. ఈ ఇద్దరూ ఎటు జారతారో వీళ్లకే తెలియదు కనుక అతనికి అసలే తెలియలేదు. మూడో చుట్టులో నీలం బండి బాగా జారింది. ఎరుపు ముందుకు దూసుకుపోవచ్చు. పోలేదు. వేగం తగ్గించి, కాస్త బయటికి జరిగి, జోడీ నిలదొక్కుకునేదాకా చోటు కాపాడింది. దుమ్ములో, ఆ హోరులో, పక్కనున్న బండి చప్పుడు మళ్లీ సరిగ్గా వినబడగానే అంజికి ప్రాణం కుదుటపడింది.

ఎరుపుది రెండో స్థానం, నీలానిది మూడో స్థానం. మనకు ఐదు పాయింట్లు, పోలండ్‌కు నాలుగు. భారత్ గెలిచిన ఏకైక పందెం అదే.

ఎరుపు అని వినగానే గణపతి శాలువాతో పరిగెత్తాడు. హెల్మెట్లు తీసేసి బయటికి వచ్చిన ఇద్దరిలో అంజిని పట్టుకుని కప్పబోయాడు.

“జర ఆగన్నా” అన్నాడు అంజి. “ఎర్రది నాదో కాదో. మేం మార్చుకున్నం.”

ఓబులేశు మొహం వెలిగింది. “అంటే ఎరుపు మావాడిదేనా?”

“ఏమో సార్” అన్నాడు కమ్రాన్ వినయంగా. “మార్చుకున్యాక మళ్లీ మార్చుకున్నట్టుండాది. గ్యాపకం ల్యా.”

డప్పులు ఆగిపోయాయి. శాలువాలు చేతుల్లోనే ఉండిపోయాయి. దేశం గెలిచిందని చప్పట్లు కొట్టింది పోలండ్ వాళ్లే.

తర్వాత రెండు సంఘాలూ రెండు నిజనిర్ధారణ సంఘాలను వేశాయి. వీడియోలు ఆపి ఆపి చూశారు. ఎవరి మోకాలు ఎంత వంగిందో కొలిచారు. ఏదీ తేలకపోవడంతో, చరిత్రలో మొదటిసారిగా రెండు సంఘాలూ ఒకే వేదిక మీద సమావేశమై ఒక తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాయి. వచ్చే ఏడాది నుంచి జంటల పోటీలో ఒక్కొక్కరినే పోటీ చేయనివ్వాలని.

అంజి తన మంచం తానే మోసుకుని పాత గదికి వచ్చేశాడు. అర్బాబ్ చూసి నవ్వి ఊరుకున్నాడు. జగిత్యాల నుంచి భార్య శ్రీలత ఫోన్ చేసింది.

“గెలిచిన్రట గదా! నువ్వు ముందొచ్చినవా, కమ్రాన్ భాయ్ ముందొచ్చిండా?”

పొయ్యి దగ్గర కమ్రాన్ ఉల్లిపాయలు కోస్తున్నాడు. అంజి అతని వంక చూసి, “ఇద్దరం వచ్చినం” అన్నాడు.

“అది సరేగని, ముందు ఎవరు?” అంది శ్రీలత.

మీరు కూడా ఇప్పుడు అదే అడగబోతున్నారు. సిగ్గుపడకండి, అందరూ అడుగుతూనే ఉన్నారు. సభ్యత్వ నమోదు రెండు సంఘాల్లోనూ జరుగుతోంది. మీది ఏ సంఘమో మేం చెప్పనక్కరలేదు.