ఊలు చుట్టే మెషిన్‌కి జై!

ఊలు చుట్టే మెషిన్ కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఊరి మధ్య కూడలిలో ఆయనకి నిలువెత్తు విగ్రహం పెట్టాలి! సరదాకి అనడం లేదు. ఆవిష్కరణ సభకి అధ్యక్షత కూడా నేనే వహిస్తాను. ఒకటే షరతు. ఆ విగ్రహానికి రెండు చేతులూ హాయిగా కిందికి వేలాడుతూ ఉండాలి.

మధ్యలో ఈ చేతుల గోల ఏమిటంటారా? వినండి.

మా ఆవిడ స్వెట్టర్లు అల్లుతుంది. చలికాలం ఇంకా పొలిమేరల్లో ఉండగానే మా బీరువా మీది ఊలు కిందికి దిగుతుంది. అల్లిక తెలియని అదృష్టవంతుల కోసం ఒక ముక్క చెప్తాను. మా ఆవిడ మెచ్చే ఊలు ఉండల్లా దొరకదు, చిలపల్లా దొరుకుతుంది. అంటే పెద్ద దండలా చుట్టి, మెలిపెట్టి ఉంటుంది. దాన్ని అలాగే అల్లబోతే చిక్కుపడి చస్తుంది. ముందు ఉండ చుట్టుకోవాలి. చుట్టాలంటే ఆ దండని విప్పి ఎవరో ఒకరి రెండు చేతులకీ తగిలించాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పాలా?

"ఏమండీ, చేతులు చాపండి."

అంతే! ఆఫీసులో ముగ్గురు గుమాస్తాలు లేచి నిలబడి "సార్" అనే మనిషిని, ఇంటికొచ్చి ఇంకా మేజోళ్లయినా విప్పని మనిషిని, కుర్చీలో గుంజలా పాతేసేది. ఎదురుగా స్టూలు మీద తను. దారం ఎడమచేతి మీంచి వస్తే నేను ఎడమకి ఒరగాలి, కుడిచేతి మీంచి వస్తే కుడికి ఒరగాలి. ఫోన్ మోగినా తీసే దారి లేదు. ముక్కు దురద పెడితే? అయ్యా, ఆ బాధ పగవాడికి కూడా వద్దు! సరిగ్గా చేతులు కట్టుబడినప్పుడే ముక్కుకి గుర్తొస్తుంది, తాను దురద పెట్టి చాలా రోజులైందని. "కాస్త ఎడమవైపు... ఇంకొంచెం పైన" అని బతిమాలుకుంటే ఆవిడ నవ్వుకుంటూ గోకేది. మనిషన్నవాడికి ఎంత పరాధీనమండీ!

దానికి తోడు మాటలు. వాళ్లమ్మ మోకాలి నొప్పి, ఇంటి ఓనరు కొత్త పేచీ, మా అమ్మాయికి ఏ కూర నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో, అన్నీ వినాలి. మధ్యలో లేచిపోదామంటే చేతులకి ఊలు బేడీలు! పోనీ మనం నోరు మూసుకు కూర్చుందామా అంటే అదీ కుదిరేది కాదు. ఆఫీసులో నాకు వచ్చిన ట్రాన్స్‌ఫర్ ఆర్డరు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుని తిరిగాను. చివరికి ఒక వంకాయ రంగు చిలప సగంలో ఉండగా మొత్తం కక్కేశాను. ఏ పోలీసు స్టేషన్లోనైనా ఇంతకన్నా ఏం చేస్తారు?

పోట్లాడుకుందామన్నా సుఖం లేదు. మాటా మాటా పెరిగి నా చేయి విసురుగా కదిలిందా, దారం చిక్కుపడేది. ఇక అలిగి ఎవరి గదిలోకి వాళ్లు పోవడానికి వీల్లేదు. చిక్కు తీసేదాకా తలా తలా దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. చిక్కు విడిపోయేసరికి దేనికి పోట్లాడామో ఇద్దరికీ గుర్తుండేది కాదు. పగ చల్లారకుండా కాపాడుకోవడానికి అది ఇల్లేనా?

అలాంటి నరకంలోకి మెషిన్ వచ్చింది!

వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పార్సిల్లో పంపింది. "పాపం నాన్న చేతులు నొప్పెడతాయి" అంది, బంగారు తల్లి! చిలపని తగిలించడానికి గొడుగులా విచ్చుకునే చక్రం ఒకటి, చుట్టడానికి పిడి ఉన్న యంత్రం ఇంకొకటి. యంత్రాన్ని ఒక స్క్రూతో టేబుల్ అంచుకి బిగించి పిడి తిప్పితే చాలు. కిర్రు కిర్రుమంటూ, కప్పులో టీ చల్లారేలోపు ఉండ తయారు! అది కేకులా బల్లపరుపుగా ఉంటుంది. దొర్లదు, మంచం కిందికి పోదు.

దొర్లని ఊలు చేతికొచ్చాక ఊరుకుంటారా? సర్దడం మొదలైంది. ఫోన్లో ఊలు సర్దుకునేవాళ్ల గ్రూపు ఒకటి ఉందట, మా ఆవిడ అందులో చేరింది. గాజులాంటి డబ్బాలు వచ్చాయి, డబ్బాలకి లేబుళ్లు వచ్చాయి. నా పుస్తకాల అలమరలో ఇప్పుడు లేత పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా వరుసగా ఊలే. పుస్తకాలు ఎక్కడున్నాయని మాత్రం అడక్కండి, చదువుకున్నవాణ్ని, ఏడవకూడదు.

కాకపోతే సర్దుడు ఎంత అందంగా కుదిరిందంటే, అందులోంచి ఒక్క ఉండ తీయాలన్నా ఆవిడకి చేయి రావడం లేదు. "తీస్తే వరస పాడైపోతుందండీ!" కాబట్టి నా ముదురాకుపచ్చ స్వెట్టరుకి ప్రస్తుతం ఒక చేయే ఉంది. రెండోది ప్లానింగ్ దశలో ఉంది. చలి ఎలాగూ వచ్చేసింది. నేనేమైనా గొణిగానా? లేదే! ఒక చేతికి చలి వేస్తేనే కదా ఇంకో చేతి భోగం తెలిసేది!

అసలు లాభం అది కాదు. నా చేతులు ఖాళీ అయ్యాయి! ఖాళీ అయిన చేతుల్లోకి ఫోన్ దానంతటదే వచ్చి కూర్చుంది. సాయంత్రాలు నేనెంత పెరిగిపోయానో మీకు చెప్పినా నమ్మరు. పుచ్చకాయని గులాబీ పువ్వులా ఎలా కోయాలో నాకు తెలుసు. ఎక్కడో ఒకాయన ఏనుగుకి చీపురుతో స్నానం చేయిస్తుంటాడు. ఆయన ఏ చెవి ముందు తోముతాడో నాకు తెలుసు. ఆ గదిలో ఆవిడ కిర్రు కిర్రు, ఈ గదిలో నేను, నా ఏనుగు. టీ కావాలా అని ఆవిడ ఆ గదిలోంచే మెసేజ్ పెడుతుంది. నేను బొటనవేలి బొమ్మ పంపిస్తాను. ముక్కు దురద పెడితే నా ముక్కు నేనే గోక్కుంటున్నాను. ఇంతకన్నా స్వాతంత్ర్యం ఏముంటుంది?

మొన్నామధ్య ఆవిడ తన ఊలు అలమర పక్కన నిలబడి గ్రూపులో ఫొటో పెట్టింది. మా అమ్మాయి దాన్ని నాకు పంపితే చూశాను. ఫొటోలో మా ఆవిడకి కొత్త కళ్లజోడు ఉంది. ఎప్పుడు మార్చిందో! ఫొటోని పెద్దది చేసి చూసుకున్నాను. ఫ్రేము బాగుంది.

ఇంత గొప్ప మెషిన్‌కి దిష్టి తగలకుండా ఉంటుందా? పోయిన ఆదివారం దాని స్క్రూ మాయమైంది. ఎక్కడికి పోయిందో నాకేం తెలుసు? ఇనపముక్కలకి కాళ్లొచ్చే రోజులు! అందరికన్నా ముందు మంచం కిందికి దూరింది నేనే. దుమ్ము కొట్టుకుపోయి, తుమ్ముతూ, అంత శ్రద్ధగా వెతికినవాణ్ని అనుమానించే పాపిష్టివాళ్లు మీలో ఉండరనే నా నమ్మకం. ఇంకో స్క్రూ పంపిస్తానని అమ్మాయి ఫోన్లో అంది. "ఇప్పుడేం తొందరలేమ్మా" అంది మా ఆవిడ.

నిన్న సాయంత్రం కొత్తగా కొన్న ముదురాకుపచ్చ చిలప పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"మీ స్వెట్టరు రెండో చేతికండీ. చేతులు చాపండి."

"ఈ రోజుల్లో కూడా ఇదేం ఖర్మ!" అన్నాను. ఒక సిద్ధాంతమంటూ ఉన్నవాణ్ని కదా, ఆ మాత్రమైనా అనాలి. అప్పటికే చేతులు చాపి ఉన్నాయనుకోండి.

ఎడమకి ఒరిగాను, కుడికి ఒరిగాను. దగ్గర్నుంచి చూస్తే కళ్లజోడు ఫొటోలో కన్నా ఇంకా బాగుంది.

"కళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కదానివే వెళ్లావా?"

"ఊఁ. చుక్కలమందు వేశారు. వచ్చేటప్పుడు దారి మసకమసకగా ఉంటే గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను."

"నాకొక మాట చెప్పొద్దూ?"

"చెప్దామనే మీ గదిలోకి వచ్చాను. మీరు ఏనుగుకి స్నానం చేయిస్తున్నారు."

చిక్కుపడకుండానే దారం ఆగిపోయింది. అంతలో పాడు ముక్కు, సమయం సందర్భం లేకుండా దురద మొదలుపెట్టింది. నేను అడగలేదు. ఆవిడే చేయి చాచి గోకింది. సరిగ్గా ఎడమవైపు, కొంచెం పైన.

ఉండ పూర్తయ్యాక కత్తెర కోసం తన రేకు డబ్బా మూత తీసింది. లోపల బొత్తాల మధ్య స్క్రూ మెరుస్తోంది!

"అరే, దొరికిందే! ఎప్పుడు?" అన్నాను. ఆ ఆశ్చర్యం బాగానే నటించాననుకుంటాను.

"ఆదివారమే. మీరు మంచం కింద వెతుకుతుంటే, కొక్కేనికున్న మీ చొక్కా జేబులో."

"మరి మెషిన్‌కి బిగించలేదేం?"

ఆవిడ ఠపీమని డబ్బా మూత పెట్టేసి ఇంకో చిలప విప్పింది.

"చేతులు దించకండి."

కాబట్టి పాఠకులారా, విగ్రహం మాట విగ్రహమే, నేను వెనక్కి తగ్గేది లేదు. చిన్న సవరణ మాత్రం రాసుకోండి. చేతులు రెండూ ముందుకి చాపి ఉండాలి. ముక్కు అందేంత దూరంలో ఇంకో మనిషి కూర్చోవడానికి ఒక స్టూలు వేయించండి.